పోలీసుపై అర్జీ మళ్లీ పోలీసు స్టేషన్‌కే చేరకూడదు

ఏలూరులోనూ భీమవరంలోనూ ప్రతి సోమవారం జిల్లా ఎస్పీలు జనం నుంచి అర్జీలు తీసుకుంటారు. 2019 తర్వాత ఈ కార్యక్రమాన్ని స్పందన అన్నారు. 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పేరు మారినా పద్ధతి ఒకటే. అర్జీ తీసుకుంటారు, నమోదు చేస్తారు, సంబంధిత అధికారికి పంపుతారు. మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఎన్ని అర్జీలు వచ్చాయి, కుటుంబ తగాదాలు, భూ వివాదాలు, డబ్బు మోసాలు ఏమేమి ఉన్నాయి అన్నది అందులో ఉంటుంది. చట్టప్రకారం చర్యలు తీసుకోవాలని ఎస్పీ ఆదేశించారన్న మాటతో వార్త ముగుస్తుంది. పోలీసుల మీదే వచ్చిన అర్జీలు ఎన్ని, వాటిని ఎవరు విచారించారు, చివరికి ఏం తేలింది అన్న వివరం మాత్రం ఉండదు. ఈ వేదికను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జిల్లా పోలీసు అధిపతి వారానికో రోజు సామాన్యుడి ఎదుట కూర్చోవడం మంచి పద్ధతి. దొంగతనం కేసు కదలకపోయినా, అప్పు తీసుకున్నవాడు బెదిరిస్తున్నా అక్కడికి వెళ్లినవారికి ఎంతో కొంత మేలు జరుగుతుంది. కానీ అర్జీ పోలీసు మీదే అయినప్పుడు దాన్ని కూడా అదే దారిలో నడిపించడం తప్పు. అలాంటి ఫిర్యాదును శాఖకు బయట, జిల్లాలోనే, సొంత దర్యాప్తు సిబ్బందితో పనిచేసే సంస్థ విచారించాలి. సుప్రీంకోర్టు ఈ మాట 2006లోనే చెప్పింది. గోదావరి జిల్లాల అనుభవం, రాష్ట్ర అనుభవం దీన్ని ఎంతగా బలపరుస్తున్నాయో చూద్దాం.

ముందు అర్జీ నడిచే దారి చూడాలి. ఫలానా ఎస్సై కేసు కట్టకుండా డబ్బు అడిగాడనో, స్టేషన్‌కు పిలిచి కొట్టాడనో ఒక మనిషి ఎస్పీకి రాసిస్తాడు. ఎస్పీ దాని మీద ఎండార్స్‌మెంట్ రాసి డీఎస్పీకి పంపుతారు. డీఎస్పీకి చేతినిండా బందోబస్తులు, కోర్టు పనులు, విచారణలు ఉంటాయి కనుక అది సీఐకి దిగుతుంది. సీఐ రోజూ పనిచేయించుకునేది ఆ ఎస్సైతోనే. వాంగ్మూలం ఇవ్వడానికి రమ్మని అర్జీదారుకు ఫోన్ వస్తుంది. రమ్మనేది, చాలాసార్లు, ఎవరిని చూసి భయపడి ఎస్పీ దాకా వెళ్లాడో ఆ స్టేషన్‌కే. అక్కడ కూర్చుని అతను చెప్పే మాటకు ఎంత స్వేచ్ఛ ఉంటుంది? మధ్యలో ఊరి పెద్ద ఒకరు వచ్చి రాజీ మాట ఎత్తుతాడు. రేపు మళ్లీ ఈ స్టేషన్‌తోనే పని పడుతుంది కదా అంటాడు. ఆ మాట నిజం కూడా. కాబట్టి అర్జీదారు సంతకం పెడతాడు, అర్జీ పరిష్కారమైనట్లు నమోదవుతుంది. ఇందులో ప్రతి అధికారీ దురుద్దేశంతోనే నడుచుకున్నాడని నేననడం లేదు. ఎవరూ చెడ్డవారు కాకపోయినా ఫలితం ఇలాగే ఉంటుంది. తనతో కలిసి పనిచేసే మనిషి మీద నిష్పాక్షికంగా విచారణ చేయమని అడగడమే అన్యాయం. బ్యాంకు మేనేజరు లెక్కలను అదే శాఖలోని క్యాషియరు చేత తనిఖీ చేయించడానికి ఎవరూ ఒప్పుకోరు. లాఠీ, లాకప్, కేసు కట్టే అధికారం చేతిలో ఉన్నవారి విషయంలో మాత్రం దాన్నే మామూలు పద్ధతిగా అంగీకరించాం.

ఈ లోపం నిన్న మొన్న పుట్టింది కాదు. 1854లో మద్రాసు ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. శిస్తు వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం ప్రజలను హింసిస్తున్నారన్న ఆరోపణలను పరిశీలించడం దాని పని. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు సభ్యులు. మన కోస్తా జిల్లాలతో సహా ప్రెసిడెన్సీ అంతటి నుంచీ ఫిర్యాదులు వచ్చాయి. వాటి సంఖ్య దాదాపు రెండు వేలు. 1855లో ఇచ్చిన నివేదికలో హింస నిజమేనని సంఘం ఒప్పుకుంది. అంతకన్నా ముఖ్యంగా, బాధితుడికి న్యాయం ఎందుకు అందడం లేదో వివరించింది. ఫిర్యాదు చేయాలంటే చాలా దూరం నడవాలి, పని మానుకోవాలి, ఖర్చు పెట్టుకోవాలి, పగ తెచ్చుకోవాలి. ఇన్నిటికీ తెగించి కలెక్టరు దగ్గరికి వెళ్తే, ఆ అర్జీ మీద రెండు ముక్కలు రాసి మళ్లీ తహశీల్దారుకే పంపేవారు. ఆ రోజుల్లో శిస్తు వసూలు చేసేదీ, పోలీసు అధికారం చెలాయించేదీ ఆ తహశీల్దారే. హింసించింది అతనో అతని కింది బంట్రోతులో అయినా అర్జీ చేరేది అతని చేతికే. ఆ నివేదిక వెలుగు చూసిన నాలుగేళ్లకు, 1859లో, రెవెన్యూ నుంచి పోలీసును వేరుచేస్తూ మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టంగా మనకు వారసత్వంగా దక్కింది అదే. తహశీల్దారు పక్కకు తప్పుకున్నాడు. అర్జీ మీద రెండు ముక్కలు రాసి కిందికి పంపే అలవాటు మాత్రం పోలేదు. 170 ఏళ్ల కిందట పరాయి ప్రభుత్వం వేసిన సంఘమే గుర్తించిన దోషాన్ని స్వతంత్ర దేశంలోని మన రాష్ట్రం ఇంకా మోస్తోంది.

దూరం, ఖర్చు, భయం అన్న మూడు మాటలు కొల్లేరు సరస్సు ప్రాంతానికి ఇప్పటికీ కొంతవరకు వర్తిస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకుముందు కైకలూరు, మండవల్లి కృష్ణా జిల్లాలో ఉండేవి. కొల్లేటికోట మనిషి ఎస్పీని కలవాలంటే మచిలీపట్నం పోవాలి. ఇప్పుడు ఏలూరు వస్తే చాలు. తాడేపల్లిగూడేనికి ఏలూరు బదులు భీమవరం జిల్లా కేంద్రమైంది. సరస్సులో ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలో చేరినా, ఆకివీడు వైపు అంచు పశ్చిమ గోదావరిలోనే ఉంది. అలా కొందరికి దూరం, ఖర్చు తగ్గినా భయం మాత్రం తగ్గలేదు. 1999లో ఐదో కాంటూరు (ఎత్తును సూచించే రేఖ) లోపల ఉన్న దాదాపు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో పోలీసు బందోబస్తు మధ్య చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత మళ్లీ చెరువులు లేచాయన్నది అందరికీ తెలిసిందే. దాంతో ఈ లంక గ్రామాల్లో లీజులు, సొసైటీ భూములు, గట్టు తగాదాలు చట్టానికి అటూ ఇటూ ఊగిసలాడుతుంటాయి. లీజు నోటిమాటే అయినప్పుడు తగాదా కోర్టుకు పోదు, స్టేషన్‌కు పోతుంది. ఒకసారి ఇది సివిల్ వ్యవహారం అని పంపేస్తారు, ఇంకోసారి అదే వ్యవహారంలో పంచాయితీ చేస్తారు. రెండింటిలో ఏది జరగాలో నిర్ణయించే అధికారమే అక్రమానికి తావిస్తుంది. పైగా, తన చెరువే నిబంధనలకు విరుద్ధమైతే మామూళ్లు అడిగినవాడి మీద ఏ రైతు ఫిర్యాదు చేస్తాడు? తన బలహీనత తెలిసిన చేతికే ఎవరూ అర్జీ ఇవ్వరు. ఫిర్యాదులు తక్కువ ఉన్నాయంటే అక్కడ పోలీసులు సక్రమంగా ఉన్నట్టేనని లెక్కవేయడం ఈ కారణంగానే పొరపాటు.

సామాన్యుడి సంగతి పక్కన పెట్టి పార్లమెంటు సభ్యుడి సంగతి చూద్దాం. తాడేపల్లిగూడెం నరసాపురం లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది. 2021లో ఆ నియోజకవర్గ సభ్యుడు రఘురామకృష్ణరాజు. సొంత పార్టీ ప్రభుత్వాన్నే విమర్శిస్తూ వచ్చిన ఆయనను 2021 మే 14న రాష్ట్ర సీఐడీ హైదరాబాద్‌లో అరెస్టు చేసి గుంటూరుకు తీసుకొచ్చింది. కస్టడీలో తనను కొట్టారని ఆయన మర్నాడు మేజిస్ట్రేటుకు చెప్పారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి వైద్యుల బృందం ఆ ఆరోపణను బలపరచలేదు. సుప్రీంకోర్టు ఆయనను సికింద్రాబాద్‌లోని సైనిక ఆసుపత్రికి పంపింది. అక్కడి నివేదిక కాలి వేలు విరిగినట్లు చెప్పింది. మే 21న సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. కొట్టినట్లు ఆయన చేసిన ఫిర్యాదు మీద గుంటూరు నగరంపాలెం స్టేషన్‌లో కేసు నమోదైంది 2024 జులైలో, అంటే ప్రభుత్వం మారిన మరుసటి నెలలో. ఆ కేసులో నిందితులు దోషులా కాదా అన్నది కోర్టు తేల్చాలి, దాని మీద నా తీర్పు ఏమీ లేదు. నేను చెప్పదలచినవి రెండే. ఒకే మనిషి ఒంటిని వారం రోజుల్లో రెండు ఆసుపత్రులు పరీక్షించాయి. ఒకటి రాష్ట్ర ప్రభుత్వం కింద ఉన్నది, రెండోది దాని పరిధికి బయట ఉన్నది. రెండు నివేదికలూ ఒకే మాట చెప్పలేదు. పరిశీలించేది ఎవరన్నదాన్ని బట్టి సాక్ష్యం మారే ప్రమాదం ఉందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? రెండోది, పెద్ద లాయర్లనూ సుప్రీంకోర్టునూ చేరుకోగలిగిన లోక్‌సభ సభ్యుడి ఫిర్యాదే కేసుగా మారడానికి మూడేళ్లూ, ఒక ఎన్నికల ఫలితమూ పట్టింది. మండవల్లి కూలికి ఎన్ని ఎన్నికలు పట్టాలి?

రాజకీయ నాయకుడి కేసు ప్రత్యేకమైనదని అనవచ్చు. అయితే మరో రెండు చూద్దాం. 2020 జులైలో రాజమహేంద్రవరం దగ్గరి సీతానగరం స్టేషన్‌లో ఒక దళిత యువకుడిని కొట్టి, తల, మీసం గొరిగించారన్న ఆరోపణ వచ్చింది. ఎస్సైని, కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు, ఎస్సైని అరెస్టు చేశారు. రోజుల వ్యవధిలోనే ఇదంతా జరిగింది. శాఖ తలచుకుంటే వేగంగా కదలగలదని ఈ ఘటన చెబుతోంది. అదే సమయంలో, ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతోంది. గుండు గీసిన తల రాష్ట్రమంతా కనిపించింది, దళిత సంఘాలు రోడ్డెక్కాయి, ప్రతిపక్షం గొంతెత్తింది. ఆ వేగం దక్కని ఫిర్యాదుల సంగతి వాకపల్లి చెబుతుంది. విశాఖ మన్యంలోని ఆ ఊళ్లో 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. దర్యాప్తు చేసింది పోలీసులే. 13 మందిపై విచారణ జరగాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2017లో తేలింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుబట్టింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. దాదాపు 16 ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక చివరికి దొరికిన జవాబు, తొలి రోజుల్లోనే సాక్ష్యం సరిగా సేకరించలేదని. ఆ మహిళలు చెప్పింది నిజమైతే వారికి న్యాయం దక్కలేదు. ఆ 13 మంది నిర్దోషులైతే, నమ్మదగిన దర్యాప్తు లేకపోవడం వల్ల వారి మీద పడిన నీడ తీర్పు తర్వాత కూడా తొలగలేదు. బయటివారి దర్యాప్తు ఇరుపక్షాలకూ అవసరమేనని దీన్నిబట్టే అర్థం చేసుకోవాలి.

దీనికి మందు ఏమిటో సుప్రీంకోర్టు చెప్పి రెండు దశాబ్దాలు కావస్తోంది. ఉత్తరప్రదేశ్, అస్సాంలలో డీజీపీగా పనిచేసిన ప్రకాశ్‌సింగ్ 1996లో వేసిన పిటిషన్‌పై 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. పోలీసు ఉన్నతాధికారిగా పనిచేసిన మనిషే ఈ సంస్కరణ అడిగాడన్నది గుర్తుపెట్టుకోవాలి. ఆ తీర్పులోని ఏడు ఆదేశాల్లో ఆరోది పోలీసు ఫిర్యాదుల అథారిటీ. ఎస్పీ, ఆ పైస్థాయి అధికారులపై ఫిర్యాదులకు రాష్ట్రస్థాయిలో ఒకటి ఉండాలి, దానికి హైకోర్టు లేదా సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి నాయకత్వం వహించాలి. డీఎస్పీ స్థాయి వరకు ఉన్నవారిపై ఫిర్యాదులకు జిల్లాల్లో అథారిటీలు ఉండాలి, వాటికి విశ్రాంత జిల్లా జడ్జి నాయకత్వం వహించాలి. కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారం వంటివి రెండు స్థాయిల్లోనూ విచారణకు వస్తాయి. జిల్లా అథారిటీ వీటితో పాటు బలవంతపు వసూళ్లు, భూమి, ఇల్లు ఆక్రమణ, తీవ్రమైన అధికార దుర్వినియోగం కూడా విచారించవచ్చు. కొల్లేరు లంకల్లో, తాడేపల్లిగూడెం శివారు స్థలాల తగాదాల్లో సామాన్యుడికి ఎదురయ్యే ఇబ్బందులకు సరిపోయే జాబితా ఇది. శాఖాపరమైన చర్యకైనా, క్రిమినల్ కేసుకైనా ఈ అథారిటీ చేసే సిఫారసును ప్రభుత్వం పాటించి తీరాలని కోర్టు చెప్పింది. 2006 డిసెంబరు 31లోగా అమలు చేయాలని గడువు పెట్టింది.

గడువు దాటాక ఎన్నో ప్రభుత్వాలు మారాయి. ఉమ్మడి రాష్ట్రంలోనూ, విభజన తర్వాతా ఉత్తర్వులూ కమిటీలూ వినిపిస్తూ వచ్చాయి. చివరికి 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర అథారిటీకి మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కనగరాజ్‌ను ఛైర్మన్‌గా నియమించింది. ఆ నియామకాన్ని సవాలు చేస్తూ వ్యాజ్యం పడింది. నిబంధనల్లోని వయోపరిమితి ప్రశ్న అందులో ముందుకొచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు ఆ నియామకాన్ని నిలిపివేసింది. తీర్పు వచ్చిన 15 ఏళ్లకు వేసిన అడుగు మూడు నెలల్లో ఆగిపోయింది. ఈ జాప్యానికి ఏ ఒక్క పార్టీనో నిందించి ఊరుకోలేం. అధికారంలో లేనప్పుడు పోలీసు జులుం గురించి మాట్లాడని పార్టీ లేదు, అధికారంలోకి వచ్చాక జిల్లాకో స్వతంత్ర అథారిటీని నిలబెట్టిన పార్టీ కూడా లేదు. ఏలూరు బస్టాండులోనో, తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులోనో నిలబడి పోలీసుపై ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలని అడిగితే జనం ఎస్పీ పేరు చెబుతారు, ఎమ్మెల్యే పేరు చెబుతారు, విలేకరి పేరు చెబుతారు. విశ్రాంత జిల్లా జడ్జి కూర్చునే కార్యాలయం ఫలానా వీధిలో ఉందని చెప్పగలిగే మనిషి దొరకడం కష్టం. ప్రజలకు తెలియని సంస్థ కాగితం మీద ఉన్నా లేనట్టే.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, ఇప్పటికే చాలా వేదికలు ఉండగా మరొకటి ఎందుకన్నది. మానవ హక్కుల కమిషన్ ఉంది, లోకాయుక్త ఉంది, ఏసీబీ ఉంది, కోర్టులు ఉన్నాయి. ఒక్కొక్కదాని పరిధి చూస్తే వాటి మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. మానవ హక్కుల కమిషన్ సిఫారసు చేయగలదు కానీ ఆదేశించలేదు. ఘటన జరిగి ఏడాది దాటితే విచారించే వీలు లేదు. 2021లో దాన్ని హైదరాబాద్ నుంచి కర్నూలుకు తరలించారు. ఏలూరు నుంచి అక్కడికి నాలుగు వందల కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. 1855 నాటి సంఘం వర్ణించిన కాలినడక ఇప్పుడు రాత్రి బస్సుగా మారింది, అంతే తేడా. ఏసీబీ లంచం పట్టుకుంటుంది, దెబ్బల గురించి అడగదు. కోర్టుకు వెళ్లే దారి కొత్త చట్టంతో కొంత ఇరుకైంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, విధి నిర్వహణలో చేసిన పని మీద ప్రభుత్వోద్యోగిపై ప్రైవేటు ఫిర్యాదు వస్తే, మేజిస్ట్రేటు ముందుకు వెళ్లే ముందు పై అధికారి నివేదిక తెప్పించుకోవాలి, ఆ ఉద్యోగి వాదనా వినాలి. ప్రాసిక్యూషన్ అనుమతిపై ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలన్న మంచి నిబంధన కూడా అదే చట్టంలో ఉంది. కానీ పై అధికారి నివేదిక అన్నచోట అర్జీ మళ్లీ శాఖ చేతిలోకే వెళ్తోంది. ఆ నివేదికకు దీటుగా స్వతంత్ర విచారణ ఒకటి మేజిస్ట్రేటు ముందు ఉండాలంటే జిల్లా అథారిటీయే మార్గం.

రెండో అభ్యంతరం పోలీసుల వైపు నుంచి వస్తుంది, దాన్ని గౌరవంగా వినాలి. రౌడీషీటర్లు, కేసుల్లో ఇరుక్కున్నవారు, ఓడిపోయిన పక్షాలు తప్పుడు ఫిర్యాదులతో వేధిస్తారని, దాంతో కేసు కట్టడానికే సిబ్బంది జంకుతారని వారి ఆందోళన. తప్పుడు ఫిర్యాదులు వస్తాయి, అందులో సందేహం లేదు. సోమవారం అర్జీల్లోనూ వస్తున్నాయి, పత్రికల్లోనూ వస్తున్నాయి. తప్పుడు ఫిర్యాదును తప్పుడు ఫిర్యాదని నమ్మకంగా చెప్పగలిగేది ఎవరన్నదే ప్రశ్న. డీఎస్పీ విచారించి ఎస్సై తప్పు లేదని రాస్తే ఊరు నమ్మదు, అది నిజమైనా నమ్మదు. విశ్రాంత జడ్జి విచారించి అదే మాట చెబితే ఆ ఎస్సై తలెత్తుకుని తిరగగలడు. కింది ఉద్యోగికి ఇంకో రక్షణ కూడా ఉంది. ఇప్పుడు ఏదైనా ఘటన రచ్చకెక్కితే వెంటనే వీఆర్‌కు (వేకెన్సీ రిజర్వుకు) పంపుతారు లేదా సస్పెండ్ చేస్తారు. ఆ వేటు పడేది కానిస్టేబులు మీద, ఎస్సై మీద, మహా అయితే సీఐ మీద. కొట్టమన్నదెవరు, కేసు కట్టవద్దని ఫోన్ చేసిందెవరు అన్న విచారణ పైకి పోదు. వారపు సెలవు కూడా సరిగా దొరకని కానిస్టేబులు, పైవారి నోటిమాట మీద చేసిన పనికి ఒంటరిగా మూల్యం చెల్లిస్తాడు. ఆదేశం ఎక్కడి నుంచి వచ్చిందో అడగగలిగే సంస్థ ఉంటే, తప్పుడు ఆదేశాన్ని కాదనే ధైర్యం అతనికి వస్తుంది. వీఆర్‌కు పంపడం శిక్ష కాదని శాఖలో అందరికీ తెలుసు. కొన్ని నెలల తర్వాత మరో స్టేషన్‌లో పోస్టింగ్ వస్తుంది, ఫిర్యాదు చేసినవాడికి మాత్రం ఏం తేలిందో ఎవరూ చెప్పరు.

మూడో అభ్యంతరమే నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోస్తుంది. ఈ అథారిటీలు ప్రభుత్వానికి నచ్చిన విశ్రాంత జడ్జీలకు కొలువులుగా మారతాయని, ప్రభుత్వం మారినప్పుడల్లా పాత అధికారుల మీద కక్షసాధింపుకు పనికొస్తాయని అంటారు. భయం నిరాధారం కాదు. 2021 నియామకం చుట్టూ జరిగిందే అందుకు సాక్ష్యం. అయితే ఆ ఉదంతం నుంచి నేర్చుకోవలసింది, నియామక పద్ధతి సరిగా ఉండాలని. సుప్రీంకోర్టు ఆ పద్ధతి కూడా చెప్పింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఇచ్చిన పేర్ల జాబితా నుంచే ప్రభుత్వం ఎంచుకోవాలి. దానికి కట్టుబడితే, పదవీకాలం ముందే స్థిరపరిస్తే, ఖాళీ వచ్చేలోపే కొత్త పేరు ఖరారు చేయాలని చట్టంలో రాస్తే కొలువుల పంపకం చాలావరకు ఆగుతుంది. ఇక కక్షసాధింపు సంగతి. ఇప్పుడు ఏ సంస్థా లేకపోవడం వల్లనే కదా పోలీసులపై ఫిర్యాదులు ప్రభుత్వం మారేదాకా ఆగి, మారగానే ఒక్కసారిగా పైకి లేస్తున్నాయి? ఘటన జరిగిన నెలలోనే బయటి విచారణ మొదలైతే పగకు చోటు తగ్గుతుంది. ఇతరచోట్ల అనుభవం కూడా ఉంది. కేరళ 2011లో చేసిన పోలీసు చట్టంలోనే రాష్ట్ర, జిల్లా అథారిటీలకు స్థానం ఇచ్చింది. ఉత్తర ఐర్లాండ్‌లో మతవర్గాల మధ్య దశాబ్దాల పాటు నెత్తురు పారింది, పోలీసు మీద ఒక వర్గానికి బొత్తిగా నమ్మకం ఉండేది కాదు. అక్కడ 2000 నవంబరు నుంచి సొంత దర్యాప్తు సిబ్బందితో పోలీసు అంబుడ్స్‌మన్ పనిచేస్తోంది. అంత చీలిన సమాజమే అలాంటి సంస్థను నిలబెట్టుకోగలిగినప్పుడు మనకు రాజకీయాలు అడ్డమని చెప్పడం సాకు అవుతుంది.

సొంత దర్యాప్తు సిబ్బంది అన్న మాట మీద ప్రత్యేకంగా పట్టుబట్టాలి. ఛైర్మన్‌నూ కుర్చీనీ ఇచ్చి, దర్యాప్తుకు మళ్లీ జిల్లా పోలీసులనే అడగమంటే సంస్థ పెట్టీ ప్రయోజనం లేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ ఘటన దీనికి గుర్తు. ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం మీద వేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుబట్టింది. తర్వాత రాయచూరుకు మారిన క్రిమినల్ విచారణలో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ అభిప్రాయం ఎంత బలంగా ఉన్నా, కోర్టులో నిలబడే సాక్ష్యం విడిగా కావాలి. అందుకే జిల్లా అథారిటీకి సాక్షులను పిలిపించే అధికారం, వైద్య పరీక్షకు జిల్లా బయటి ఆసుపత్రికి పంపే అధికారం, స్టేషన్ రికార్డులు స్వాధీనం చేసుకునే అధికారం ఉండాలి. అన్నిటికన్నా ముందు సీసీ కెమెరా దృశ్యాలు దక్కాలి. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టి, దృశ్యాలను 18 నెలల పాటు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. ఫిర్యాదు వచ్చిన రోజే ఆ దృశ్యాలకు సీలు వేయించగలిగే సంస్థ జిల్లాలో ఉంటే వాకపల్లిలా ఏళ్ల తరబడి సాక్ష్యం కోసం వెతుక్కునే అవసరం చాలావరకు తప్పుతుంది.

అందువల్ల రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగవలసింది స్పష్టంగా ఉంది. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలకు విశ్రాంత జిల్లా జడ్జి నాయకత్వంలో పోలీసు ఫిర్యాదుల అథారిటీలు ఏర్పాటు చేయాలి. పోలీసు ఆవరణకు బయట కార్యాలయం ఇవ్వాలి. నెలకోసారి కైకలూరు, ఆకివీడు, భీమడోలు, తాడేపల్లిగూడెంలలో అథారిటీయే వచ్చి అర్జీలు తీసుకోవాలి. అర్జీదారుకు రశీదు, గడువులోగా కారణాలతో కూడిన జవాబు హక్కుగా దక్కాలి. 1859 చట్టం స్థానంలో కొత్త పోలీసు చట్టం తెచ్చి అందులో ఈ సంస్థకు చోటివ్వాలి. అంతవరకు ఎస్పీలు తమ చేతిలో ఉన్నది చేయవచ్చు, దానికి కొత్త చట్టం అక్కరలేదు. పోలీసుపై వచ్చిన అర్జీని అదే సబ్‌డివిజన్‌కు పంపకూడదన్న నియమం పెట్టుకోవచ్చు. వాంగ్మూలం స్టేషన్‌లో కాకుండా మరోచోట తీసుకోవచ్చు. ఆ రోజు సీసీ కెమెరా దృశ్యాలను వెంటనే భద్రపరచమని ఆదేశించవచ్చు. ప్రతి మూడు నెలలకూ పోలీసులపై వచ్చిన అర్జీలెన్ని, ఎన్నింటిలో తప్పు తేలింది, ఏం చర్య తీసుకున్నారు అన్న లెక్కను పేర్లు లేకుండా ప్రకటించవచ్చు. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పోలీసుల గురించి మాట్లాడిన మాటలు వారికి గుర్తుండే ఉంటాయి. ఆ మాటలకు విలువ ఉంటే రానున్న శాసనసభ సమావేశాల్లోనే ఈ అథారిటీల గురించి ప్రభుత్వాన్ని నిలదీయాలి, తేదీ చెప్పించాలి. బార్ అసోసియేషన్లు, రైతు సంఘాలు, దళిత సంఘాలు, చేపల రైతుల సొసైటీలు ఆ తేదీ కోసం ఒత్తిడి తేవాలి. నిజాయితీగా పనిచేసే పోలీసు అధికారులు కూడా ఈ డిమాండుతో గొంతు కలపాలి. తమ మీద పడిన నిందను నమ్మదగిన చేతులు పరిశీలించాలని కోరుకునే హక్కు వారికీ ఉంది.